హైదరాబాద్ నీళ్ళు, సముద్రపు ట్యాంకు, ఆల్కలినిటీ లెక్క

సముద్రపు చేపల ట్యాంకు కొత్తగా పెట్టుకున్నవాళ్ళు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది: "ఆల్కలినిటీ పెంచడానికి ఏం కలపాలండీ?" ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ శక్తి, దాని వివరం తర్వాత చెబుతాను. నేను వెంటనే తిరిగి మూడు అడుగుతాను. ఇప్పుడు ఎంత ఉంది? పోయిన వారం ఎంత ఉంది? ఆవిరైపోయిన నీళ్ళ బదులు ఏ నీళ్ళు పోస్తున్నారు? మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. మన ఊళ్ళో అసలు లెక్క మొదలయ్యేది అక్కడే. యూట్యూబ్‌లో చూసే విదేశీ ట్యాంకుల నిండా రాతి పగడాలుంటాయి కాబట్టి అక్కడ ఆల్కలినిటీ ఎప్పుడూ తగ్గిపోతూనే ఉంటుంది. నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు బోరు నీళ్ళతో, ట్యాంకర్లతో నెట్టుకొచ్చే మన ఇళ్ళల్లో అది తెలియకుండా పెరిగిపోవడమే నేను ఎక్కువగా చూశాను.

నా గురించి రెండు ముక్కలు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. నీళ్ళ పరీక్షలు నా రోజువారీ పనిలో భాగం, బ్యూరెట్ తిప్పడం చేతికి అలవాటు. ఇంట్లో హాల్లో నాలుగడుగుల ట్యాంకు ఉంది. కింద ఫిల్టర్ అర కూడా కలుపుకుని, రాళ్ళు ఆక్రమించిన చోటు తీసేస్తే నికరంగా 200 లీటర్ల నీళ్ళు. రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా చేప, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని టర్బో నత్తలు. రాళ్ళ మీద జోయాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్ కోరల్ అనే పగడాలు. అన్నీ మెత్తటి జాతులే. రాతి పగడాలు పెట్టలేదు, పెట్టను కూడా. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో విరగ్గొట్టి తెచ్చిన ముక్క తక్కువ ధరకి ఇస్తామని ఎవరైనా అంటే దయచేసి కొనకండి. అంత ముక్క పెరగడానికి అక్కడ ఎన్నేళ్ళు పట్టిందో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మెత్తటి పగడాల ట్యాంకుకి ఆల్కలినిటీ గొడవ ఎందుకని అనుకోవచ్చు. నీటిలోకి ఆమ్లం చేరినప్పుడు పీహెచ్ జారిపోకుండా ఆ నీళ్ళు ఎంతవరకు తట్టుకోగలవో చెప్పేదే ఆల్కలినిటీ. సముద్రపు నీటిలో ఆ పని ఎక్కువగా చేసేది బైకార్బొనేట్, తర్వాత కార్బొనేట్, కొద్దిగా బోరేట్. చేపలు తింటాయి, విసర్జిస్తాయి, బాక్టీరియా దాన్ని కుళ్ళబెడుతుంది. ఇదంతా ట్యాంకులోకి ఆమ్లాన్ని తెస్తూనే ఉంటుంది. పైగా రాళ్ళ మీద గులాబీ, ఊదా రంగుల్లో పొరలా పట్టే కోరలైన్ ఆల్గీ, నత్తల గుల్లలు, లెదర్ కోరల్ లోపలి సన్నటి ముళ్ళు, అన్నీ కాల్షియం కార్బొనేట్‌తో తయారయ్యేవే. అందుకు కార్బొనేట్ ఈ నీళ్ళలోంచే వెళ్ళాలి.

కొలతలు రకరకాలుగా రాస్తారు కాబట్టి ఒకసారి తేల్చుకుందాం. కిట్ల మీద ఎక్కువగా కనిపించేది డీకేహెచ్ అనే కొలమానం. లీటరుకి 1 మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకి 50 మిల్లీగ్రాములు. సహజ సముద్రపు నీళ్ళలో ఇది సుమారు 7 డీకేహెచ్ ఉంటుంది. ఇంట్లో ట్యాంకుల్ని 7 నుంచి 11 లోపు ఉంచుతారు. నేను 8 దగ్గర ఉంచుతాను. 8 మంచిదా 9 మంచిదా అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఆ వాదనతో పనిలేదు. 8 అయితే నెలంతా 8 ఉండాలి, 9 అయితే నెలంతా 9 ఉండాలి. ఈ వారం 7, వచ్చే వారం 10 అయితే పగడాలు ముడుచుకుపోతాయి. ఏ పుస్తకం పట్టుకుని చూసినా ఆ రెండు అంకెలూ మంచివే కదా అనిపిస్తుంది. ఊగిసలాట మాత్రం ఆ జీవాలకి పడదు.

అందుకే పరీక్ష చేసే పద్ధతి మారకూడదు. ఆదివారం పొద్దున లైట్లు వెలగకముందు చేస్తాను. పగలంతా ట్యాంకులోని జీవాలు ఆల్కలినిటీని వాడుకునేది ఎక్కువ కాబట్టి ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి చేస్తే రెండు అంకెల్నీ పోల్చలేం. ముందు ఉప్పదనం చూస్తాను. ఇది చాలామంది వదిలేస్తారు. నీళ్ళు ఆవిరై ఉప్పదనం వెయ్యి భాగాలకి 35 నుంచి 37కి చేరితే, మీరేమీ కలపకపోయినా 8.0 ఉన్న ఆల్కలినిటీ 8.5 దగ్గర కనిపిస్తుంది. లోపలున్న పదార్థం అంతే, నీళ్ళు తగ్గాయి. మే నెలలో మా ట్యాంకు పైన ఫ్యాన్లు పెడతాను కాబట్టి ఈ తేడా ఇంకా త్వరగా వస్తుంది. ఉప్పదనం సరిచేశాకే ఆల్కలినిటీ చూడాలి.

నేను వాడేది సాలిఫర్ట్ కంపెనీ చుక్కల కిట్. సీసాని ముందు ట్యాంకు నీళ్ళతోనే రెండుసార్లు కడుగుతాను, పంపు నీళ్ళతో కాదు. కడిగిన చుక్క మిగిలినా అది మన నీళ్ళే అయి ఉండాలి. సిరంజితో 4 మిల్లీలీటర్లు కొలిచేటప్పుడు లోపల బుడగ లేకుండా చూసుకోవాలి. సూచిక చుక్కలు వేసి తిప్పగానే నీళ్ళు నీలం పచ్చ కలిసిన రంగులోకి వస్తాయి. సీసా వెనక తెల్ల కాగితం పెట్టి, కిటికీ వెలుతురులో, ఆమ్లం చుక్క చుక్కగా వదులుతాను. మొదట్లో చుక్క పడ్డచోట గులాబీ మచ్చలా మెరిసి, సీసా ఒక్కసారి తిప్పగానే మాయమైపోతుంది. ఆ మచ్చ మాయమవడానికి ఎక్కువసేపు పడుతోందంటే దగ్గరికొచ్చామన్నమాట. అక్కడి నుంచి ఒక్కో చుక్కకీ ఆగాలి. నీలం పోయి బూడిద రంగులాంటి ఒక క్షణం వస్తుంది, తర్వాతి చుక్కకి సీసా మొత్తం నారింజ కలిసిన గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆపాల్సింది అక్కడ. సిరంజిలో ముషలకం (ప్లంజర్) కింద కాస్త గాలి కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. మొదట్లో నింపినప్పుడు, చివర్లో చదివినప్పుడు నల్ల ముషలకం కింది అంచునే చూస్తే చాలు. ట్యూబులైట్ కింద ఈ రంగు సరిగా తెలియదు, ట్యాంకు నీలం లైటు కింద అసలే తెలియదు.

రంగు తేల్చుకోవడం కష్టమనిపించేవాళ్ళకి హన్నా చెక్కర్ అనే చిన్న మీటర్ బాగుంటుంది. 10 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక మిల్లీలీటరు రీఏజెంట్, అంకె తెర మీద వస్తుంది. గాజు గొట్టం మీద వేలిముద్ర ఉంటే అంకె మారిపోతుంది కాబట్టి మెత్తటి గుడ్డతో తుడవాలి. దాని మీద వచ్చే దశాంశాన్ని మరీ పట్టుకుని వేలాడకండి. కంపెనీయే 0.3 డీకేహెచ్‌కి తోడు చదివిన దానిలో 5 శాతం వరకు తేడా ఉండొచ్చని రాసిచ్చింది. నిన్న 8.2, ఇవాళ 7.9 వచ్చిందని సోడా డబ్బా తీయకూడదు.

ఏ కిట్ అయినా నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇది ల్యాబ్ అలవాటు, కానీ పెద్ద ఖర్చు లేదు. స్వచ్ఛమైన సోడియం బైకార్బొనేట్, అంటే తినే సోడా, 2.52 గ్రాములు తూచి ఒక లీటరు డీఐ నీళ్ళలో (కరిగిన లవణాలన్నీ తీసేసిన నీళ్ళు) కరిగించండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, ఇంకో పాత్రలో డీఐ నీళ్ళతో లీటరుకి పెంచండి. ఈ రెండో ద్రావణం 8.4 డీకేహెచ్ చూపించాలి. బంగారం తూచే చిన్న డిజిటల్ తూకం, 0.01 గ్రాము వరకు చూపించేది, ఇందుకు సరిపోతుంది. నేరుగా పావు గ్రాము తూచబోతే ఆ తూకం తప్పు చెబుతుంది, అందుకే రెండంచెలుగా చేయమంటున్నాను. చుక్కల కిట్‌కి ఇది బాగా పనిచేస్తుంది. హన్నా చెక్కర్‌లో సముద్రపు నీళ్ళకని చేసిన మోడల్ ఉంటే మాత్రం ఈ మంచినీటి ద్రావణంతో దాన్ని పరీక్షించకండి, అది ఉప్పు నీళ్ళకి సరిపడేలా చేసింది. కొరియర్ వ్యాన్‌లో ఎండకి ఉడికి వచ్చిన రీఏజెంట్లను ఇలా ఒకసారి చూసుకున్నాకే నేను నమ్ముతాను. మూత సరిగా పెట్టకపోయినా సీసాలో ఆమ్లం చిక్కబడి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అలాంటి కిట్ పట్టుకుని సోడా పోస్తూ పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నీళ్ళ సంగతికి వస్తాను.

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళని ల్యాబ్ పద్ధతిలోనే చూశాను. 100 మిల్లీలీటర్ల నీళ్ళు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, రంగు మారే సూచికగా మిథైల్ ఆరెంజ్. 30 మిల్లీలీటర్ల ఆమ్లం పట్టింది, అంటే లీటరుకి 300 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 వరకు కోరదగినది, వేరే దారి లేకపోతే 600 వరకు పరవాలేదు. కాబట్టి మనుషులకి ఆ 300 వింతేమీ కాదు. ట్యాంకు భాషలో చెప్పాలంటే మాత్రం అది 16.8 డీకేహెచ్. సముద్రానికి రెట్టింపు పైమాట.

ఆవిరైపోయేది నీళ్ళు మాత్రమే, అందులో కరిగినదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ల కింద రోజుకి 4 లీటర్లు ఆవిరయ్యాయనుకుందాం. ఆ 4 లీటర్లూ బోరు నీళ్ళతో నింపితే 200 లీటర్ల ట్యాంకులో రోజుకి 0.34 డీకేహెచ్ చేరుతుంది. వారానికి 2.35. ట్యాంకులో ఏదీ వాడుకోకపోతే 8 ఉన్నది నెల తిరక్కముందే 15 దాటాలి. నిజానికి అంతదాకా పోదు, మధ్యలోనే హీటర్ మీద, పంపు రెక్కల మీద తెల్ల గారలా పేరుకోవడం మొదలవుతుంది. ఇంట్లో గీజర్ రాడ్‌కి పట్టే గార చూసినవాళ్ళకి వేరే వర్ణన అక్కర్లేదు. ఆ గారతో పాటు కాల్షియం కూడా నీళ్ళలోంచి పడిపోతుంది. పంపు ఆగిపోయిందని విప్పి చూస్తే రెక్క కదలదు. అలాంటప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడితే శుభ్రంగా వస్తుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, మా అపార్ట్‌మెంట్ సంపులో నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు మూడూ కలుస్తాయి. నల్లా నీళ్ళు ఎక్కువ వచ్చిన వారం ఒక రకం, ట్యాంకర్ల వారం ఇంకో రకం. కుళాయి నీళ్ళని ఒకసారి కొలిచి లెక్కేసుకుందామన్నా కుదరదు.

"మా ఇంట్లో ఆర్వో ఉందండీ, ఆ నీళ్ళే పోస్తున్నాం" అని చాలామంది అంటారు. వంటింటి ఆర్వో తాగడానికి చేసిన యంత్రం. దానిలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం పదార్థం) కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. రుచి కోసం అది కొంత ముడి నీటిని శుద్ధి చేసిన నీటిలో కలుపుతుంది. కొన్నింటిలో ఖనిజాల కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. తాగడానికి మంచిదే. ట్యాంకుకి మాత్రం మనం బయటికి పంపాలనుకున్న బైకార్బొనేట్‌లో కొంత వెనక తలుపులోంచి వచ్చేస్తుంది. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, 60, 80 ఇలా చూపిస్తుంది. ట్యాంకు కోసం ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ పెట్టుకుని 0 వచ్చేలా చూసుకోవాలి. మీటర్ 2, 3 చూపించడం మొదలైతే రెసిన్ మార్చే రోజు వచ్చినట్టు. ఆర్వో పారబోసే నీళ్ళు చాలా ఉంటాయి, నీటికి కటకటలాడే ఊళ్ళో అవి మోరీలోకి పోవడం నేను భరించలేను. పైపు బకెట్లోకి పెట్టి, ఆ నీళ్ళతోనే ఇల్లు తుడవడం, బాల్కనీ కడగడం.

మా పై అంతస్తులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఉన్నాడు. చిన్న ట్యాంకు తన గదిలోనే పెట్టుకున్నాడు. చాలా శ్రద్ధగా చూసుకుంటాడు. ఒక సాయంత్రం కిందికొచ్చాడు, మొహంలో టెన్షన్.

"ఆంటీ, పీహెచ్ 7.8కి పడిపోయింది. పీహెచ్ పెంచే పొడి వేస్తున్నా. వేసినప్పుడు పెరుగుతుంది, పొద్దున్నకి మళ్ళీ అంతే."

"ఆల్కలినిటీ చూశావా నాన్నా?"

"పీహెచ్ తక్కువుంటే అదీ తక్కువే ఉంటుంది కదా ఆంటీ?"

వాళ్ళింటికి వెళ్ళి కొలిస్తే 13.4 వచ్చింది. తలుపులు బిగించి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ గదిలోనే పేరుకుంటుంది. బయట గాలిలో అది పదిలక్షల భాగాలకి 420 దాకా ఉంటే, మూసిన పడకగదిలో రాత్రికి వెయ్యి దాటడం మామూలే. అది నీళ్ళలో కరిగి పీహెచ్‌ని దించుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పీహెచ్ సుమారు 0.3 తగ్గుతుంది. ఆల్కలినిటీ మాత్రం ఒక్క గీత కూడా మారదు. కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల ఆల్కలినిటీ తగ్గదు, పెరగదు. ఈ ఒక్క విషయం తెలియక ఆ పొడుల మీద జనం పోసే డబ్బు చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బాల మీద పీహెచ్ అని రాసి ఉంటుంది, లోపల ఉండేది ఎక్కువగా కార్బొనేట్, బైకార్బొనేట్లే. పీహెచ్ కోసమని వేసిన ప్రతి చెంచా ఆల్కలినిటీని పెంచుకుంటూ పోయింది.

వాడి ముందే చిన్న పరీక్ష చేశాం. ట్యాంకు నీళ్ళు ఒక గ్లాసులో తీసుకుని, బాల్కనీలో పెట్టి, ఎయిర్ పంపు రాయి వేసి గంటసేపు బుడగలు రానిచ్చాం. పీహెచ్ 8.3కి వచ్చింది. నీళ్ళలో లోపం లేదు, గదిలో గాలిదే లోపం. వాడి మొహం వెలిగిపోయింది. స్కిమ్మర్ (బుడగలతో మురికిని నురగగా తీసేసే యంత్రం) గాలి పీల్చుకునే పైపుకి ఇంకో పైపు తగిలించి కిటికీ బయటికి పెట్టించాను. పొడి ఆపేయించాను. 13.4ని తొందరగా దించాలని వెనిగరో ఆమ్లమో పోయడం మాత్రం వద్దన్నాను. అలా పోస్తే పీహెచ్ ఒక్కసారిగా కూలుతుంది. 8 డీకేహెచ్ ఇచ్చే ఉప్పుతో వారానికి పదో వంతు నీళ్ళు మార్చుకుంటూ పోతే మొదటిసారికి అర డీకేహెచ్ తగ్గుతుంది, ఆ తర్వాత కాస్త కాస్తగా. ఆ వేగం చాలు, పగడాలకి అదే మేలు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మన ఊరికి సముద్రం దగ్గర్లో లేదు. మనం కలుపుకునే సముద్రం డబ్బాలోంచి వస్తుంది. డబ్బా డబ్బాకీ తేడా ఉంటుంది. రెడ్ సీ వాళ్ళ నీలం డబ్బా ఉప్పు 8 దగ్గర ఇస్తుంది, వాళ్ళదే కోరల్ ప్రో 12 దగ్గర ఇస్తుంది. అది రాతి పగడాలు దండిగా ఉన్నవాళ్ళకి. 8లో ఉన్న ట్యాంకులో ఐదో వంతు నీళ్ళని 12 ఉన్నవాటితో మారిస్తే ఒక్కపూటలో 0.8 పెరుగుతుంది. షాపులో స్టాకు లేదని ఒక రకం బదులు ఇంకో రకం తెచ్చుకున్నప్పుడు, కలిపిన నీళ్ళని ట్యాంకులో పోయకముందు ఒకసారి కొలవండి. వానాకాలంలో డబ్బా మూత బిగించి ఉంచండి. తేమ తగిలి గడ్డకట్టిన ఉప్పు సరిగా కరగదు, తెల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిలో పోయింది మనకి కావలసిన కాల్షియం, కార్బొనేట్లే.

రాతి పగడాలు లేని నా ట్యాంకులోనూ ఆల్కలినిటీ నెమ్మదిగా తగ్గుతుంది. వారానికి 0.3 అటూఇటూ. కాల్షియం మాత్రం దాదాపు కదలదు. కాల్షియం కార్బొనేట్‌గా మారి పోతే రెండూ కలిసి తగ్గాలి: ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గినచోట కాల్షియం లీటరుకి 20 మిల్లీగ్రాములు తగ్గాలి. అంటే నా దగ్గర ఇంకో దారి ఉంది. అది నైట్రేట్. చేపల తిండిలోని నత్రజని బాక్టీరియా చేతిలో పడి నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుట్టి ఆల్కలినిటీని తినేస్తుంది. లీటరుకి 50 మిల్లీగ్రాముల నైట్రేట్ పేరుకుందంటే ఆ దారిలో 2.3 డీకేహెచ్ ఖర్చయిందని లెక్క. ఆ నైట్రేట్‌ని రాళ్ళ లోపలి బాక్టీరియా మళ్ళీ నత్రజని వాయువుగా మార్చేస్తే పోయిన ఆల్కలినిటీ తిరిగొస్తుంది. కాబట్టి ఆల్కలినిటీ తగ్గుతూ నైట్రేట్ పెరుగుతుంటే సోడా కన్నా ముందు చేతిలో ఉన్న మేత డబ్బా వైపు చూడాలి. మా అత్తయ్యకి ఆ క్లౌన్ చేపలంటే ప్రాణం. అవి అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిస్తే "పాపం, ఆకలేస్తోందేమోనే" అంటారు. అందుకని రోజు మేత చిన్న డబ్బాలో కొలిచి ఆవిడ చేతికే ఇస్తాను. రెండు పూటలా ఆవిడే వేస్తారు, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.

నిజంగా పెంచాల్సి వచ్చినప్పుడు నేను వాడేది తినే సోడాయే. 100 లీటర్ల నీళ్ళకి 1 డీకేహెచ్ పెరగాలంటే 3 గ్రాములు కావాలి. నా 200 లీటర్లకి 6 గ్రాములు. వారం లోటు 0.3 అయితే 1.8 గ్రాములు చాలు. అంత కొంచెమే. ప్యాకెట్ వెనక సోడియం బైకార్బొనేట్ ఒక్కటే రాసి ఉండాలి. బేకింగ్ పౌడర్ కాదు, దానిలో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. చాకలి సోడా అంటే సోడియం కార్బొనేటే అయినా బట్టలకని అమ్మే దానిలో ఏం కలిసిందో తెలియదు, చేపల దగ్గరికి రానివ్వకండి. పీహెచ్ కూడా కాస్త పెరగాలనుకుంటే తినే సోడానే ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేస్తే కార్బొనేట్‌గా మారుతుంది. అప్పుడు 100 లీటర్లకి 1.9 గ్రాములు చాలు.

పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. డీఐ నీళ్ళ గ్లాసులో పూర్తిగా కరిగించి, ప్రవాహం బలంగా ఉన్నచోట సన్నటి ధారగా పోయాలి. అదే చోట, అదే సమయంలో కాల్షియం క్లోరైడ్ కలిపితే నీళ్ళలో తెల్లటి పొగలా లేచి రెండూ వృథా అవుతాయి. రోజుకి 1 డీకేహెచ్ కన్నా ఎక్కువ పెంచకండి, నేనైతే అరకి మించను. తక్కువగా ఉందని తెలిసిన రోజునే అంతా సరిచేసేయాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. కానీ ట్యాంకు ఆ స్థితికి రావడానికి వారాలు పట్టింది, రెండు మూడు రోజులు ఆగితే దానికి ఏ నష్టమూ లేదు. మెగ్నీషియం కూడా ఒకసారి చూసుకోండి. అది లీటరుకి 1300 మిల్లీగ్రాముల దగ్గర్లో ఉంటే కాల్షియం, కార్బొనేట్ తమంతట తాము గారగా పడిపోకుండా అడ్డుపడుతుంది. ఎంత పోసినా ఆల్కలినిటీ నిలబడకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

సున్నపు తేట గురించి అడుగుతారు. పోసేది తేటే, అడుగు మడ్డి కాదు. రాత్రిపూట చుక్కచుక్కగా వదిలితే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ కలిపి ఇస్తుంది. మంచి పద్ధతి. కానీ దాని పీహెచ్ 12 పైన ఉంటుంది, కళ్ళలో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇళ్ళల్లో జాగ్రత్త. కిళ్ళీ సున్నం మాత్రం వాడకండి. మెత్తటి పగడాల ట్యాంకుకి ఈ శ్రమ అనవసరమని నా అభిప్రాయం.

కొలిచిన అంకెల్ని గోడ క్యాలెండర్ మీదే రాస్తాను, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ పక్కనే. ఆల్కలినిటీ, ఉప్పదనం, సోడా ఎంత వేశాను, నీళ్ళు మార్చానా లేదా. ఫోన్‌లో యాప్‌లున్నాయి. గోడ మీదైతే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. నెలలో నాలుగు ఆదివారాలు పక్కపక్కన చూస్తేనే ట్యాంకు ఎటు నడుస్తోందో తెలుస్తుంది. 8.1, 7.9, 8.2, 8.0 అని ఉంటే ఏమీ చేయక్కర్లేదు. 8.4, 8.1, 7.8, 7.5 అని ఉంటే, ఒక్కో అంకె విడిగా చూస్తే బాగానే ఉన్నా, చేయాల్సిన పని ఉంది.

వేసవి సెలవుల్లో ఊరెళ్ళేవాళ్ళకి చివరిగా ఒకటి. వెళ్ళే ముందు వారం కొత్తగా ఏమీ మార్చకండి, డోసింగ్ పంపు (ద్రావణాన్ని తానే కొలిచి పోసేది) కొత్తగా బిగించే సమయం అది కాదు. డీఐ నీళ్ళు క్యాన్లలో పట్టి, ట్యాంకు గాజు మీద ఒక గీత గీసి, "నీళ్ళు ఈ గీత కిందికి దిగితే ఈ క్యాన్‌లోవి మాత్రమే పోయండి" అని ఇంట్లో ఉండేవాళ్ళకి చెప్పండి. కుళాయి నీళ్ళు వద్దని రెండుసార్లు చెప్పండి. మేత కూడా రోజువారీ పొట్లాలు కట్టి పెట్టండి. సోడా డబ్బా మాత్రం ఎవరికీ అప్పగించకండి. వారం పది రోజుల్లో ఆల్కలినిటీ అర డీకేహెచ్ తగ్గితే ఏ పగడానికీ ఏమీ కాదు, వచ్చాక ఉప్పదనం చూసుకుని, కొలుచుకుని, నిదానంగా సరిచేసుకోవచ్చు.